పెట్టెల పెద్దమ్మ

మా అత్తకి నోరెక్కువని మా సందులో అందరూ అంటారు. నేను కాపురానికి రానంతవరకు అయి ఉండొచ్చు. నేనొచ్చిన వారానికే సందులో లెక్కలు మారిపోయాయి. మేమిద్దరం మొదలుపెట్టామంటే ఎదురింటివాళ్ళు తలుపులు వేసుకోరు, బార్లా తీసుకుని కూర్చుంటారు. మా ఆయన మాత్రం చెప్పులేసుకుని మెల్లగా జారుకుంటాడు. బస్ డిపోలో మెకానిక్ ఆయన. రోజంతా ఇంజన్ల మోత భరిస్తాడు గానీ మా ఇద్దరి మోత ఈ రోజుకీ అలవాటు కాలేదు.

మా గొడవల్లో సగానికి మూలం ఒక చెక్క పెట్టె. మోకాలెత్తు ఉంటుంది. లోపల గుడ్డసంచి, ఆ సంచి నిండా బంగారు రంగు పేలాలు. తినే పేలాలు అనుకునేరు, రాతి పేలాలు. సంచి మధ్యలో గిన్నె కూర్చునేంత గుంట, పైన అవే పేలాలు కూరి కుట్టిన మందపాటి దిండు. పొద్దున్నే చిక్కుడు గింజలు ఒక పొంగు రానిచ్చి, గిన్నె దించి ఆ గుంటలో పెట్టి, దిండు కప్పేసి పనికి పోవచ్చు. మధ్యాహ్నం వచ్చి తీస్తే గింజలు వెన్నలా ఉడికి ఉంటాయి, గిన్నె చెయ్యి కాలుస్తుంది. గ్యాసు కలిసొస్తుంది, కాపలా అక్కర్లేదు, మాడుతుందన్న భయం లేదు. ఇవన్నీ మా అత్త మాటలు. రోజుకి ఒక్కసారైనా నా చెవిలో పోసేది.

ఆ పేలాలు మా సందు చివర ఉండిన ఫ్యాక్టరీలోవి. అక్కడికి నల్లటి రాతిరవ్వ లారీల్లో వచ్చేది. దాన్ని కొలిమిలో వేసి కాలిస్తే పేలి, సాగి, తేలికైపోయి, బంగారు రంగుకి తిరిగేది. కాగితాల్లో దాని పేరు వర్మిక్యులైట్. మాకది పేలాల రాయి, అది కాల్చే చోటు పేలాల ఫ్యాక్టరీ. ఇళ్ళ పైకప్పుల్లో వేడి ఆపడానికి, గాజుసామాను పగలకుండా సర్దడానికి బస్తాలు బస్తాలు వెళ్ళేది. అత్త అక్కడ ప్యాకింగ్ షెడ్డులో బస్తాల మూతులు కుట్టేది. చిరిగిన బస్తాల్లోంచి ఒలికినది ఎవరు పట్టుకుపోయినా అడిగేవాడు లేడు. మిగతావాళ్ళు దాన్ని పట్టించుకోలేదు గానీ అత్త దానితో పెట్టెలు చేసింది. ఈ సందులోకి ఏ కొత్తకోడలు వచ్చినా, ఈ సందు నుంచి ఏ ఆడపిల్ల కాపురానికి వెళ్ళినా, అత్త చేసిన పెట్టె ఒకటి ముట్టాల్సిందే. అందుకే ఆవిడని పెట్టెల పెద్దమ్మ అంటారు. ఎవరింటికి వెళ్ళినా ముందు ఆవిడకి కుర్చీ వేస్తారు.

నాకు మాత్రం ఆ పెట్టంటే ఒళ్ళు మంట. కుక్కర్ కొనుక్కుంటానంటే, "పెట్టె ఉండగా కుక్కరెందుకే? దానికి ఈలలేయడం తప్ప ఏమొచ్చు?" అనేది. దిండు ఎత్తినప్పుడల్లా సన్నటి మెరుపుపొడి లేచి గచ్చు మీద పడేది. ఊడ్చి ఊడ్చి నా నడుం పడిపోయేది. "బంగారం ఊడుస్తున్నాననుకో" అనేది మహాతల్లి. ఎన్ని తిట్టుకున్నా ఆ పెట్టె అవతల పారేస్తానని మాత్రం నేనెప్పుడూ అనలేదు. దానికో కారణం ఉంది.

నా కూతురు నెలలు నిండకుండా పుట్టింది. వరదకి రోడ్లు తెగిపోయి, కరెంటు పోయి, ఆస్పత్రి అవతలి ఒడ్డున ఉండిపోయిన రోజులవి. మంత్రసాని పిల్లని చూసింది, నా మొహం వైపు చూడకుండా చేతులు కడుక్కుంది. అత్త పెట్టెని ముందుకి లాగింది. పెట్టెలో గిన్నె గుంటలో దుప్పటి ముక్క మెత్తగా పరిచింది. నీళ్ళు కాచి సీసాల్లో పోసి, గుడ్డలు చుట్టి చుట్టూ సర్దింది. నా బిడ్డని అందులో పడుకోబెట్టి, దిండు సగానికి కప్పి, పక్కనే కూర్చుంది. సీసాల్లో నీళ్ళు మార్చడం, దూదితో పాలు పట్టడం, మళ్ళీ కూర్చోవడం. వరద తీసేదాకా అక్కణ్ణించి లేవలేదు. పిల్ల బతికింది. పిట్టంత ఉండేదని పిట్ట అన్నాం. ఇప్పుడు గుమ్మం పట్టనంత అయ్యింది, అయినా పిట్టే. నా బిడ్డని నాకు దక్కించిన మనిషితో నేను రోజూ పోట్లాడాను గానీ, ఆ పెట్టె జోలికి మాత్రం వెళ్ళలేదు.

పిట్ట పెళ్ళికి చేసినదే అత్త చేసిన ఆఖరి పెట్టె. అప్పటికే ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది, కొత్త పేలాలు ఎక్కణ్ణించి వస్తాయి? పిట్ట పడుకున్న సంచిలోవే సగం తీసి దాని పెట్టెలో పోసి కుట్టింది. "నిన్ను కాచినవే నీ పిల్లల్నీ కాస్తాయి" అంది. పిట్ట నవ్వింది, నేను ఏడ్చాను.

అలాంటి అత్తకి పోయిన వానాకాలంలో ఆయాసం పట్టుకుంది. గొడవ మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో నేనే గెలుస్తున్నాననుకున్నాను, సిగ్గులేనిదాన్ని. తర్వాత పడుకోలేకపోయింది, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఆస్పత్రిలో వీపులోకి సూది దించి సీసా నిండా నీళ్ళు తీశారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి, ఊపిరితిత్తుల మీది పొరకి క్యాన్సర్ వచ్చిందని చెప్పింది. మందులతో నొప్పి తగ్గించగలం, అంతకంటే ఏమీ చేయలేమంది.

"ఎప్పుడైనా ఆస్బెస్టాస్ దగ్గర పనిచేశారా పెద్దమ్మా?" అని అడిగింది.

"రేకులా? మాది స్లాబు ఇల్లమ్మా. ఎవరు చెప్పారు నీకు రేకులని?" అంది అత్త, పరువు పోయినట్టు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆస్బెస్టాస్ అంటే రాతినార. వెంట్రుక కంటే సన్నటి పోగులుగా విడిపోతుంది. గాల్లో తేలుతుంది, కంటికి కనపడదు. పీల్చినవాళ్ళ లోపల దిగి, ఏళ్ళూ పూళ్ళూ ఊరుకుని, ఎప్పుడో లేస్తుంది. ఏ పని చేసేవారు అని అడిగితే అత్త గర్వంగా పేలాల ఫ్యాక్టరీ అని చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

ఆ తర్వాత వచ్చాడు దుమ్మాఫీసరు. ఆ పేరు మా సందు పెట్టింది. ఆరోగ్యశాఖ మనిషి, సన్నగా, ఎప్పుడు చూసినా నిద్ర చాలనట్టు ఉంటాడు. పాత ఫ్యాక్టరీ షెడ్డు ఇప్పుడు సోఫాల షోరూం. ఆయన అక్కడ నిచ్చెనెక్కి, దూలాల మీద జిగురు టేపు అంటించి తీసి, మూలల్లో చిన్న కుంచెతో ఊడ్చి, బుల్లి సంచుల్లో వేసి మూతులు నొక్కేవాడు. సోఫాలు కొనడానికి వచ్చినవాళ్ళు ఆయన్ని చూసి వెనక్కి వెళ్ళిపోతున్నారని షోరూం వాడు లబోదిబోమన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆయన మా ఇంటికొచ్చాడు. అత్త కిటికీ దగ్గర కుర్చీలో దిండ్ల మధ్య కూర్చుని ఉంది. ఆయన స్టూలు మీద కూర్చుని, ఉన్న సంగతి దాచకుండా చెప్పాడు.

"షెడ్డులో ఏమీ దొరకలేదమ్మా. నేల కొత్తది, గోడలకి కొత్త పూత, దూలాలు కూడా కడిగించేశారు. అన్ని గనుల రాయిలోనూ ఈ నార ఉండదు. మా రాయి మంచి గని నుంచే వచ్చిందని కంపెనీవాళ్ళు అంటున్నారు. కాదని రుజువు చేయాలంటే ఆ రోజుల్లో ఇక్కడ కాల్చిన సరుకే కావాలి. కొంచెమైనా చాలు."

"దొరక్కపోతే?" అన్నాను.

"ఈ వారంలో ఫైలు మూసేయమన్నారు. మూసేస్తే మీ సందులో ఎవరికీ ఊపిరితిత్తుల పరీక్షలు చేయించలేను. ఎవరికి ఎంతవరకు వచ్చిందో తెలీదు. ముందే పట్టుకుంటే కాస్తయినా నయం కదా."

అత్త వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "పెద్దమ్మా, ఆ సరుకు మీ ఇంట్లో ఏమైనా ఉండిపోయిందా? అటక మీద ఒక బస్తా, ఏ కుండీలోనో గుప్పెడు?"

అత్త ముక్కుపుటాలు అదిరాయి. "ఫ్యాక్టరీ సరుకు మా ఇంట్లో ఎందుకుంటుంది నాయనా? మేం దొంగలమా?" ఊపిరి తీసుకుని నా వైపు తిరిగింది. "చూస్తావేమే, ఆయనకి టీ ఇవ్వు. పొద్దున పెట్టెలో పెట్టాంగా, వేడిగానే ఉంటుంది."

నేను వంటింట్లోకి వెళ్ళి దిండు ఎత్తాను. కిటికీలోంచి పడే ఎండలో పొడి లేచింది, రోజూ లేచే పొడే. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన ఊరంతా గాలించి వెతుకుతున్నది నా చేతికింద ఉంది. అత్త అబద్ధం ఆడలేదు. ఆవిడ దృష్టిలో ఫ్యాక్టరీ సరుకు ఫ్యాక్టరీలో ఉంటుంది, వంటింట్లో ఉండేది పెట్టె. నేను కూడా ఆ క్షణం వరకు అలాగే అనుకున్నాను.

టీ గ్లాసులో పోసి తెచ్చిచ్చాను. "అబ్బ, పొగలొస్తోంది" అని ఊదుకుంటూ తాగాడు. నా నాలుక చివరిదాకా వచ్చింది మాట. అత్త మొహం చూశాను. అతిథికి వేడి టీ ఇచ్చిన తృప్తితో కళ్ళు అరమోడ్చి ఉంది. ఆవిడకి మిగిలింది ఆ పెట్టెల పేరొక్కటే. ఖాళీ గ్లాసు అందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆయన వెళ్ళాక గుమ్మంలో నిలబడి చూశాను. సందులో ఇంటింటి తలుపూ తట్టాడు. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు పాపం ఎంతో ఆలోచించి, లేదండీ, అలాంటిదేమీ లేదండీ అన్నారు. వాళ్ళ వెనక వంటింట్లో పెట్టె ఉంది. ఎవరూ దాచలేదు, ఎవరికీ తట్టలేదు.

మర్నాడు మా ఆయనకి క్యారేజీ పట్టుకుని డిపోకి వెళ్ళాను. ఆయన బస్సు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నాకు బూట్లు మాత్రమే కనపడుతున్నాయి. బూట్లకే చెప్పాను మొత్తం.

"అమ్మకి చెప్పకు" అంది బస్సు కిందినుంచి గొంతు.

"చెప్పకుండా ఎలా?"

"ఆ పెట్టెల పేరు మీదే బతికింది. పోయేముందు అది కూడా లాక్కుంటావా? నీకేం పోయింది, నోరుంది కదా అని..."

"పిట్ట వంటింట్లో పెట్టె లేదా? పిట్టని అందులో పడుకోబెట్టలేదా?"

పానా చప్పుడు ఆగిపోయింది. పాక్కుంటూ బయటికొచ్చాడు. మొహమంతా గ్రీజు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అదేనో కాదో ముందు తేలనీ. తేలకుండా ఆవిడ ప్రాణం తీయొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు. ఆ మనిషి జీవితంలో నా ముందు నిలబడి మాట్లాడింది అదే మొదటిసారి. నేను మెత్తబడ్డాను. అక్కడే తప్పు చేశాను.

కొత్త బస్సు సీట్లకి చుట్టి వచ్చే పెద్ద ప్లాస్టిక్ కవర్లు తెచ్చాడు. అత్త మందు వేసుకుని మగతలో ఉండగా ఇద్దరం మూతికి తడిగుడ్డలు కట్టుకుని పెట్టెకి కవర్ల మీద కవర్లు చుట్టాం. అత్త లేచి అడిగితే, "చెదలు పట్టాయి, వడ్రంగికి ఇచ్చాం" అన్నాను. పిట్టకి నెలలు నిండుతున్నాయి, దానికి కూడా ఫోన్ చేశాను. "నీ పెట్టె మూసి ఓ మూలన పెట్టు. దాన్ని వాడకు, ముట్టుకోకు. చెదలు పట్టినట్టున్నాయి. నేనొచ్చి చూస్తా."

"సరేలే అమ్మా, చెదలకే ఇంత కంగారా?" అని నవ్వింది. అది నవ్వుతుండగానే ఫోన్ పెట్టేశాను.

దుమ్మాఫీసరు గది ఆరోగ్యశాఖ వెనక గోడౌన్ పక్కన ఉంది. రెండు బల్లలు, ఒక గాజు బీరువా, కిటికీ అద్దానికి అడ్డంగా అంటించిన టేపు. మా ఆయన పెట్టె దించి తలొంచుకుని నిలబడ్డాడు.

"ఇదేంటమ్మా?" అన్నాడాయన.

"మొన్న మీరు తాగిన టీ" అన్నాను.

అర్థం కావడానికి ఆయనకి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మమ్మల్ని బయటికి పంపి, ముసుగు తొడుక్కుని, నీళ్ళు చిలకరించి, చెంచాతో తీసి డబ్బాల్లో వేశాడు. తలుపు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. మేం పళ్ళెంలో అన్నం వడ్డించుకున్నంత మామూలుగా ఇన్నేళ్ళూ ముట్టుకున్నదాన్ని ఆయన పాముని పట్టినట్టు పట్టుకున్నాడు.

ఫలితం వచ్చేదాకా అత్త నా ప్రాణం తోడేసింది. "నా పెట్టె ఏదే? వడ్రంగి దాన్ని చెక్కుతున్నాడా, మింగుతున్నాడా?" అని గంటకోసారి. మాట మాటకీ ఆయాసపడుతూ మరీ అడిగేది. నేను కసురుకునేదాన్ని. కసురుకుంటే ఆవిడకి ధైర్యంగా ఉండేది, అంతా మామూలుగానే ఉందనుకునేది.

ఫలితం పట్టుకుని ఆయనే వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఉందమ్మా. చాలా ఉంది. ఫైలు మూయరు, అందరికీ పరీక్షలు చేయిస్తాను. కానీ ఇలాంటి పెట్టెలు ఎన్ని ఉన్నాయి? ఎవరెవరి దగ్గర ఉన్నాయి?"

"నాకేం తెలుసు? నేను రాకముందు నుంచి చేస్తోంది. ఊళ్ళు దాటి వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. ఆవిడ ఒక్కదానికే తెలుసు."

"అయితే ఆవిణ్ణే అడగాలి" అన్నాడు.

ఆయన్ని బయటే ఉండమని లోపలికి వెళ్ళాను. అత్త కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాను. నేనెప్పుడూ అక్కడ కూర్చోను. ఆవిడ వింతగా చూసింది.

"ఏమే, నోట్లో నాలుక ఎవరికైనా అద్దెకిచ్చావా?"

"అత్తయ్యా, పెట్టెకి చెదలు పట్టలేదు."

"నాకు తెలుసు. నా పెట్టెకి చెదలు పట్టవు. ఏం చేశావు దాన్ని?"

చెప్పాను. తిప్పితిప్పి చెప్పడం నాకు చేతకాదు, ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరమ్మ చెప్పిన రాతినార ఆ పేలాల్లోనే ఉందని, దిండు ఎత్తినప్పుడల్లా లేచిన పొడి అదేనని, అన్ని పెట్టెల్లోనూ అదే ఉంటుందని. మధ్యలో ఆపుతుందేమో, తిడుతుందేమో అని చూశాను. తిట్టినా బాగుండేది. ఆవిడ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. బస్తాలు కుట్టి కుట్టి వేళ్ళు వంకరపోయిన చేతులు.

"పిట్ట?" అంది చివరికి.

"పరీక్ష చేయిస్తారు. వస్తుందని ఏమీ లేదు. రాకపోవచ్చు కూడా."

"దాన్ని నేను అందులో పెట్టకపోతే బతికేదా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "లేదత్తయ్యా. బతికేది కాదు. ఒట్టు."

"ఒట్టు ఎందుకే, నీకు అబద్ధం ఆడటం రాదు. చెదలట" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని గుమ్మం వైపు చూసింది. "ఆయన్ని లోపలికి రమ్మను. రాసుకోమను."

ఆవిడ చెప్తూ పోయింది, ఆయన రాసుకుంటూ పోయాడు. కాగితం ముక్క చూడలేదు, ఒక్కచోట తడబడలేదు. కుట్టుమిషనామె పెద్దకోడలు, సందు మొదట్లో. కొలిమి మేస్త్రి కూతురు, రైల్వే గేటవతల. తపాలాఫీసాయన భార్య, ఇప్పుడు తమ్ముడి దగ్గర ఉంటోంది. ఊపిరి అందనప్పుడు ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టుకుని, కాస్త తేరుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. పాలవాడి మొదటి భార్య దగ్గర ఆగింది.

"అది పోయింది. దగ్గుతో పోయింది. క్షయ అన్నారు." ఆయన వైపు చూసింది. "క్షయేనా?"

ఆయన కాగితం మీదకి వంగి ఆ పేరు పక్కన గుర్తు పెట్టుకున్నాడు. అత్త రెట్టించలేదు. దాని కూతురి దగ్గర ఆ పెట్టె ఉందని చెప్పి ముందుకి పోయింది. మా ఆయన తలుపు చాటున నిలబడి గోడకేసి నుదురు ఆనించుకున్నాడు.

అన్నీ అయ్యాక ఒకటి మిగిలింది. "పిట్టకి నేనే చెప్తా. నేనిచ్చిందాని సంగతి నేనే చెప్పుకోవాలి. నన్ను తీసుకుపో" అంది. కదలకూడదన్నారు డాక్టర్లు అంటే, "కదలకపోతే ఉంటానా?" అని ఒంటికాలి మీద లేచింది. నిలబడలేక మళ్ళీ కూర్చుంది. మా ఆయన వచ్చి తల్లిని చేతుల్లో ఎత్తుకున్నాడు. పిల్లలా తేలిగ్గా లేచిపోయింది.

పిట్ట ఇల్లు మార్కెట్ వెనక, చిన్న వాకిలి. మా ఆటో వెనకే దుమ్మాఫీసరు జీపు వచ్చింది. గేటు తెరిచే ఉంది. వాకిట్లో మంచి ఎండ పడుతోంది. ఆ ఎండలో గచ్చు మీద దుప్పటి పరిచి, దాని మీద పెట్టెలో పేలాలన్నీ గుమ్మరించి, పిట్ట నిండు కడుపుతో పీట మీద కూర్చుని, చేత్తో వాటిని అటూ ఇటూ తిరగేస్తోంది. మోచేతుల దాకా బంగారు పొడి. పక్కన దులిపిన పాత సంచి, సగం కుట్టిన కొత్త సంచి, సూది దారం.

"అమ్మా, నువ్వొచ్చేసరికి అయిపోగొట్టేద్దామనుకున్నా" అంది మమ్మల్ని చూసి నవ్వుతూ. "చెదలన్నావుగా, అందుకే ఎండకి పోశా. ఒక్క పురుగు కూడా లేదు. నానమ్మా, నువ్వు కూడా వచ్చావా! చూడు, నీ మునిమనవడికి పక్క సిద్ధం చేస్తున్నా."

ఊళ్ళో వాళ్ళందరి మీదా అరిచిన నోరు, నా కూతురికి ఒక్క నిజం చెప్పలేకపోయింది. చెదలు అన్నాను. నిజం చెప్పి ఉంటే అది ఆ పెట్టె ఉన్న గదిలోకి కూడా అడుగు పెట్టేది కాదు.

"ముట్టుకోకు!" అని అరిచింది అత్త.

అంత అరుపు ఆ రొమ్ములో ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలీదు. పిట్ట గుప్పిట్లో పేలాలతో కొయ్యబారిపోయింది. "కింద పెట్టు. మెల్లగా. ఊపిరి బిగబట్టి ఇవతలికి రా" అంది అత్త. మా ఆయన చేతుల్లోంచి జారి కింద కూర్చుంది. మోకాళ్ళ మీద పాకుతూ దుప్పటి దగ్గరికి వెళ్ళింది. దుమ్మాఫీసరు ముసుగు తగిలించుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"పెద్దమ్మా, మీరు వద్దు, మేం చూసుకుంటాం!"

"నువ్వు దూరం పో నాయనా. నీకు పిల్లలున్నారా?" ఆయాసంతో ఆగింది. "అందరూ దూరం పొండి. నాకెలాగూ వచ్చేసింది, ఇంక నన్నేం చేస్తుంది ఇది?"

ఆయన చేతిలోంచి నీళ్ళ డబ్బా లాక్కుని పేలాల మీద చిలకరించింది, పేర్లు రాసుకునేటప్పుడు ఆయన చెప్పినట్టే, పొడి లేవకుండా. తర్వాత దుప్పటి ఒక కొస పట్టుకుని లోపలికి మడిచింది. ఇంకో కొస. బస్తా మూతి కుట్టేదానిలా ఓర్పుగా, ఒక్క గింజ జారకుండా. నాలుగు కొసలూ కలిపి ముడివేసి, ఆ మూట మీద రెండు చేతులూ వేసి నొక్కి పట్టుకుంది.

"నానమ్మా, ఏమైంది? ఎవరైనా చెప్పండి నాకు" అని పిట్ట ఏడుపు మొదలుపెట్టింది.

"చెప్తానే తల్లీ. నేనే చెప్తా" అంది అత్త మూట మీద నుంచి చేతులు తీయకుండా. "ముందు మీ అమ్మ చేతులు కడుగుతుంది. కడిగించుకో."

నేను పిట్టని లాక్కెళ్ళి కుళాయి కింద నిలబెట్టాను. దాని మోచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు, మొహం, ముక్కు, జుట్టు, అన్నీ కడిగాను. నీళ్ళల్లో మెరుపు పోతూనే ఉంది. "అమ్మా, నొప్పి పుడుతోంది" అంది పిట్ట. నేను ఆపలేదు.